బ్యాండ్ రాకపోతే ఏమనుకోవాలి? లాక్ ఎటివ్ మసెల్స్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 9

ఈ రోజు మసెల్స్ శాంపిల్స్ తెచ్చుకున్నాను. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఓబన్ ఊరికి దగ్గర్లో లాక్ ఎటివ్ ఉంది. కొండల మధ్యకు సుమారు 30 కిలోమీటర్లు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. కనెల్ వంతెన కింద దాని మూతి బాగా ఇరుకు. ఆటు సమయంలో లోపలి నీళ్లు రాతి గట్టు మీదుగా బయటికి దూకుతుంటే చూస్తూ నిలబడిపోయాను. నదుల నీళ్లు కలవడం వల్ల లోపలికి వెళ్లేకొద్దీ ఉప్పదనం తగ్గుతుంది. నా ప్రాజెక్టుకు ఈ సంగతి అవసరం.

ఇక్కడ మసెల్స్‌ను తాళ్లకు వేలాడదీసి పెంచుతారు. మన ఆల్చిప్పలకు చుట్టమే, కాకపోతే నల్లగా, కోలగా ఉండి, గడ్డంలాంటి పోగులతో తాడును పట్టుకుంటుంది. మాది కాకినాడ. సముద్రం నుంచి బుట్టల్లో గుల్లలు రావడం, మాంసం కూరకీ గుల్ల సున్నపు బట్టీకీ పోవడం చిన్నప్పటి నుంచి చూసినదాన్నే. అయినా ఒకే తాడు మీద చూపుకు ఒకేలా ఉండే రెండు జాతులు ఉంటాయని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

రైతు ఒక మసెల్ తీసి బొటనవేలితో నొక్కాడు. పెంకు పగిలిపోయింది. "దీన్ని గ్రేడింగ్ మెషీన్‌లో వేస్తే మిగిలేది పెంకుల పొడే" అన్నాడు. పక్కనున్న ఇంకోదాన్ని ఎంత నొక్కినా ఏమీ కాలేదు. గట్టిది మైటిలస్ ఎడ్యులిస్, ఇక్కడి సొంత జాతి. పలచనిది మైటిలస్ ట్రోసులస్ కావచ్చు. బాల్టిక్ సముద్రంలోనూ కెనడా తీరాల్లోనూ ఎక్కువగా ఉండే ఈ జాతి ఇక్కడా కనబడుతోంది. పెంకు పగులుతుంది, లోపల మాంసం తక్కువ. అందుకే 2014లో స్కాట్లాండ్ ప్రభుత్వం దీన్ని వాణిజ్యానికి నష్టం చేసే జాతుల కింద చేర్చింది. మూడోది గాలోప్రొవిన్సియాలిస్, మధ్యధరా మసెల్. దాన్ని ఇకపై గాలో అంటాను. ఈ మూడూ ఒకదానితో ఒకటి జతకట్టి సంకరాలను కూడా కంటాయి.

పెంకు పలచగా ఉంటే ట్రోసులస్ అనేస్తే సరిపోదా? సరిపోదు. ఉప్పు తక్కువ నీళ్లలో పెరిగిన ఎడ్యులిస్ పెంకు కూడా పలచబడుతుంది. విత్తనం, అంటే మసెల్ పిల్లలు, తాడుకు పట్టాక పంట చేతికి రావడానికి రెండు మూడేళ్లు. ఆ తాడు మీద ఉన్నది ఏ జాతో మొదట్లోనే తెలిస్తే రైతుకు అంత కాలం వృథా కాదు. అది చెప్పగల పరీక్ష నాకు కావాలి.

లాక్ లోపలి నుంచి 16, బయటి తీరం నుంచి 8, మొత్తం 24 మసెల్స్ తెచ్చాను. ఒక్కోదాని పాదం ముక్క కోసి 96 శాతం ఇథనాల్‌లో వేశాను.

ఫిబ్రవరి 13

డీఎన్‌ఏ తీయడానికి రెండు రోజులు పట్టింది. మసెల్ ఒళ్లంతా జిగురే. ఆ జిగురులోని పాలీశాకరైడ్లు అనే చక్కెర గొలుసులు డీఎన్‌ఏతో పాటే వచ్చి పీసీఆర్‌ను (డీఎన్‌ఏలో కావలసిన ముక్కను లెక్కలేనన్ని కాపీలు చేసే పద్ధతి) ఆపేస్తాయి. మొదటి బ్యాచ్ పైపెట్‌లోంచి బెల్లం పాకంలా తీగ సాగింది. సీటాబ్ అనే రసాయనంతో జిగురును వేరు చేసే పద్ధతికి మారి, క్లోరోఫామ్‌తో రెండుసార్లు కడిగి, డీఎన్‌ఏను పదింతలు పలచన చేశాక దారికొచ్చింది. ఈ పని మొదలుపెట్టేవాళ్లు మొప్పలు, మ్యాంటిల్ (పెంకు లోపలి వైపు ఉండే పలచని పొర) కన్నా పాదం ముక్క తీసుకోండి. మ్యాంటిల్ వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మసెల్స్‌లో మైటోకాండ్రియా (కణంలో శక్తినిచ్చే, సొంత డీఎన్‌ఏ ఉన్న భాగం) రెండు దారుల్లో వస్తుంది: తల్లిది పిల్లలందరికీ, తండ్రిది కొడుకులకు మాత్రమే. మగదాని మ్యాంటిల్‌లోకి బీజకోశం చొచ్చుకుని ఉంటుంది కాబట్టి అక్కడ తండ్రి వైపు మైటోకాండ్రియా కూడా దొరుకుతుంది. మామూలు జీవుల్లో జాతిని గుర్తించడానికి వాడే మైటోకాండ్రియా బార్‌కోడ్ ఇక్కడ పక్కదారి పట్టిస్తుంది. బాల్టిక్ ట్రోసులస్‌లలోనైతే మైటోకాండ్రియా ఎడ్యులిస్ నుంచి వచ్చినదే. కాబట్టి కణకేంద్రకంలోని డీఎన్‌ఏనే చూడాలి.

ఫిబ్రవరి 16

మొదట అందరూ నమ్మే పరీక్షే చేశాను. మసెల్ తాడును పట్టుకునే జిగురు ప్రోటీన్ జన్యువులో ఒక చోటు 1995 నుంచి వాడుకలో ఉంది. కాపీ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చూపించే పొట్టి డీఎన్‌ఏ ముక్కలను ప్రైమర్లు అంటారు. ఆ చోటుకు వాడే ప్రైమర్ల పేరు ఎంఈ15, ఎంఈ16. కాపీ అయ్యే ముక్క పొడవు ఎడ్యులిస్‌లో 180 బేసులు (డీఎన్‌ఏ అక్షరాలు), ట్రోసులస్‌లో 168, గాలోలో 126. ముక్కలను పొడవును బట్టి వేరు చేసే జెల్ మీద ఒక్కో పొడవు ఒక్కో గీతగా, అంటే బ్యాండ్‌గా కనబడుతుంది. సంకరమైతే రెండు బ్యాండ్లు.

24 ట్యూబుల్లోనూ బ్యాండ్ వచ్చింది. అంటే డీఎన్‌ఏ బాగానే ఉంది. బయటి తీరానివన్నీ 180. లోపలివాటిలో ఏడు 180, ఏడు 168, మిగతా రెండింటిలో రెండు బ్యాండ్లూ ఉన్నాయి. 126 ఎక్కడా లేదు.

ఇబ్బందల్లా 180కీ 168కీ తేడా 12 బేసులే కావడం. మామూలు 2 శాతం జెల్‌లో రెండూ ఒకే గీతలా కనబడతాయి. చిక్కటి జెల్ పోసి గంటన్నర నడపాలి. పైగా ఇది ఒక్క చోటు. జాతులు కలిసిపోతున్న చోట ఒక్క జన్యువును చూసి జంతువు మొత్తానికి పేరు పెట్టకూడదు.

ఫిబ్రవరి 20

నా అసలు ఆలోచన ఇక్కడ రాసుకుంటున్నాను.

జీవుల డీఎన్‌ఏలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే ముక్కలు (చలన మూలకాలు) ఉంటాయి. మొక్కజొన్న గింజల రంగులు గమనిస్తూ బార్బరా మెక్‌క్లింటాక్ వీటిని కనిపెట్టారు, 1983లో నోబెల్ అందుకున్నారు. వీటిలో సైన్‌లు అనే చిన్న రకం నాకు నచ్చింది. పొడవు వంద నుంచి ఐదు వందల బేసులు. వీటికి సొంత యంత్రాంగం లేదు, లైన్‌లు అనే పెద్ద మూలకాల ఎంజైమును వాడుకుని కాపీ అవుతాయి. సైన్ ఒక చోట చేరేటప్పుడు ఆ చోట ఉన్న కొన్ని బేసులు రెండుసార్లు రాయబడి, దానికి అటూ ఇటూ జంట గుర్తులుగా మిగిలిపోతాయి.

రెండు కారణాల వల్ల ఇవి జాతుల గుర్తింపుకు పనికొస్తాయి. ఒకసారి చేరిన సైన్‌ను ఖచ్చితంగా కత్తిరించి తీసే ఏర్పాటు కణానికి లేదు. రెండు జంతువుల్లో విడివిడిగా, సరిగ్గా అదే బేసు దగ్గర, అదే సైన్ చేరడం దాదాపు జరగని పని. కాబట్టి రెండు జంతువుల్లో ఒకే చోట ఒకే సైన్ ఉంటే అది ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందనుకోవచ్చు. జపాన్‌లో నొరిహిరో ఒకాడా బృందం 1993లో పసిఫిక్ సాల్మన్ చేపల చుట్టరికాలను ఇలాగే తేల్చింది. తర్వాత తిమింగలాలకు నీటి ఏనుగులు దగ్గర బంధువులని చూపించడంలోనూ సైన్‌లే సాక్ష్యం చెప్పాయి.

గుల్ల జీవుల్లోనూ వీటికి కొదవ లేదు. రూడి అనే సైన్ ఎన్నో మొలస్క్‌ల డీఎన్‌ఏలో ఉందని 2016లో ప్రచురించారు. అంతకు ముందే, 2006లో, గ్రీసు పరిశోధకులు గాలో మసెల్ హెచ్‌ఎస్‌పీ70 (వేడి నుంచి కణాన్ని కాపాడే ప్రోటీన్) జన్యువు ఇంట్రాన్లలో, అంటే ప్రోటీన్‌కు కోడ్ లేని మధ్య భాగాల్లో, మూడు కొత్త శాటిలైట్ వరుసలనూ (మళ్లీ మళ్లీ వచ్చే వరుసలు) ఒక చలన మూలకాన్నీ కనుగొన్నారు.

జెల్ మీద చూస్తే లెక్క సులువు. సైన్‌కు అటూ ఇటూ ప్రైమర్లు పెడితే అది ఉన్నచోట పెద్ద బ్యాండ్, లేనిచోట చిన్నది. తేడా 12 బేసులు కాదు, రెండు వందలకు పైనే. 2 శాతం జెల్‌లో దూరం నుంచే కనబడుతుంది.

మార్చి 3

హెచ్‌ఎస్‌పీ70తో మొదలుపెట్టాను, పది రోజులు పోయాయి. ఎక్సాన్లు (ప్రోటీన్‌కు కోడ్ ఉన్న భాగాలు) అన్ని జాతుల్లో ఒకేలా ఉంటాయి, అక్కడ ప్రైమర్లు పెడితే అన్నిటికీ పనిచేస్తాయని నా అంచనా. పనిచేశాయి, కానీ ఒక్కో మసెల్‌కు నాలుగైదు బ్యాండ్లు వచ్చాయి. కారణం ఇప్పుడు తెలుస్తోంది. హెచ్‌ఎస్‌పీ70 ఒక్క జన్యువు కాదు, పెద్ద కుటుంబం. ఎక్సాన్లు అన్ని జాతుల్లో ఒకేలా ఉన్నట్టే ఆ కుటుంబంలోని అక్కచెల్లెళ్లలోనూ ఒకేలా ఉంటాయి. నేను ఎవరి ఇంట్రాన్‌ను చూస్తున్నానో నాకే తెలియదు. ఈ చోటును వదిలేశాను.

ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్న మసెల్ జన్యు వరుసలను పక్కపక్కన పెట్టి వెతుకుతున్నాను. నా షరతులు ఇవి. సైన్‌కు రెండు వైపులా జంట గుర్తులు కనబడాలి. చుట్టుపక్కల వరుస మొత్తం డీఎన్‌ఏలో ఒక్కసారే ఉండాలి. సైన్ లేని జాతిలో ఆ జంట గుర్తు ఒక్కసారే ఉన్న ఖాళీ చోటు కూడా కనబడాలి. మూడోది ముఖ్యం. ఖాళీ చోటు కళ్లకు కనబడితేనే లేదని చెప్పగలం. అది కనబడకపోతే అక్కడ వరుస అతకలేదేమో.

మార్చి 12

వెతికినవాటిలో ఏడో చోటు కుదిరింది! సైన్ పొడవు 212 బేసులు, జంట గుర్తు 11. ఒక ప్రైమర్‌ను సైన్ బయట, ఒకదాన్ని సైన్ లోపల పెట్టాను. సైన్ ఉంటేనే బ్యాండ్ వస్తుంది. ఎంఈ పరీక్షలో 180 వచ్చిన పదిహేనింటిలో పద్నాలుగింటికి బ్యాండ్ వచ్చింది. 168 వచ్చిన ఏడింటిలో ఒక్కదానికి తప్ప రాలేదు. రాత్రి పదకొండింటికి జెల్ ఫొటో తీసి అమ్మకు పంపాను. "నల్ల కాగితం మీద తెల్ల గీతలు, నీ మొహంలో ఆనందం, అంతే అర్థమైంది" అంది. నిజంగానే చాలా సంతోషంగా ఉంది.

మార్చి 13

ల్యాబ్‌లో గుంటూరు అక్క ఒకరున్నారు, పోస్ట్‌డాక్ చేస్తున్నారు. ఫొటో చూపించాను.

"బ్యాండ్ రాని ఆరింటికీ సైన్ లేదంటావా?"

"అవునక్కా. డీఎన్‌ఏ బాగుంది, ఎంఈ పరీక్ష అన్నిటికీ పనిచేసింది కదా."

"డీఎన్‌ఏ బాగుందని చెప్పు, ఒప్పుకుంటాను. కానీ ప్రైమర్ అతుక్కునే చోటు బాగుందని నీకెవరు చెప్పారమ్మా? బ్యాండ్ రాకపోవడానికి నాలుగు కారణాలుంటాయి. నువ్వు నీకు నచ్చినది తీసుకున్నావు."

మధ్యాహ్నమంతా అదే ఆలోచన. మసెల్స్‌లో రెండు జంతువుల మధ్య బేసుల తేడాలు చాలా ఎక్కువ. ప్రైమర్ చివరి కొన (3' కొన) దగ్గర ఒక్క బేసు మారినా పీసీఆర్ ఆగిపోవచ్చు. నిన్నటి సంతోషాన్ని నోట్‌బుక్‌లో అలాగే ఉంచి, పక్కన "లేదు కాదు, తెలియదు" అని రాశాను.

మార్చి 24

సైన్‌కు రెండు వైపులా, బయట, కొత్త ప్రైమర్లు పెట్టాను. ఖాళీ చోటైతే 240 బేసులు. సైన్ ఉంటే 212, దాంతో పాటు వచ్చిన రెండో జంట గుర్తు 11 కలిపి 463.

బ్యాండ్ రాని ఆరు ట్రోసులస్‌లలో నాలుగింటికి 240 వచ్చింది. అవి నిజంగా ఖాళీ. రెండింటికి మళ్లీ ఏమీ రాలేదు. ఎడ్యులిస్‌లలో బ్యాండ్ రాని ఆ ఒక్కదానికి 463 వచ్చింది! సైన్ అక్కడే ఉంది. సీక్వెన్స్ చేయిస్తే లోపలి ప్రైమర్ అతుక్కునే చోట, సరిగ్గా చివర, ఒక బేసు మారి ఉంది. పన్నెండో తేదీ లెక్క ప్రకారం అది తప్పుగా ట్రోసులస్ వైపు పోయేది. అదే ఒక రైతు విత్తనమైతే మంచి తాడును కోసి పారేసేవాడు. ఈ ఒక్క ట్యూబు కోసమే పన్నెండు రోజుల ఆలస్యం నాకు సమ్మతమే.

168 బ్యాండ్ ఉండీ సైన్ ఉన్న తొమ్మిదో నంబరు సంగతి వేరు. సీక్వెన్స్ శుభ్రంగా ఉంది. పాత సంకరం తాలూకు మనవరాలై ఉండొచ్చు. లేదా రెండు జాతులు విడిపోకముందే సైన్ చేరి, ఇప్పటికీ ట్రోసులస్‌లలో కొన్నిటికి మిగిలి ఉండొచ్చు. మసెల్స్ జనాభా అపారం కాబట్టి పాత తేడాలు త్వరగా పోవు. ఒక్క చోటును చూసి రెండింటిలో ఏదో చెప్పలేను. సైన్ రెండుసార్లు ఒకే చోట చేరదన్న మాట నిజమే. సైన్ ఉంది కాబట్టి జాతి ఇదే అన్నది వేరే మాట. ఇన్నాళ్లూ రెంటినీ కలిపేశాను.

ఏప్రిల్ 2

పదకొండో నంబరు మసెల్ దగ్గర ఆగిపోయాను. ఇంకా దూరంగా ప్రైమర్లు పెడితే ఆ మిగిలిన రెండింటిలో ఒకటి ఖాళీ చోటు చూపించింది. పదకొండు మాత్రం ఏ ప్రైమర్లకూ పలకలేదు. ఎంఈ పరీక్షలో దాని బ్యాండ్ అన్నిటికన్నా మెరుస్తుంది.

గాలో మొత్తం డీఎన్‌ఏ మీద 2020లో వచ్చిన పరిశోధన మళ్లీ చదివాను. ఒక్క మసెల్‌లో 60 వేలకు పైగా జన్యువులు. అన్ని మసెల్స్‌కూ ఉమ్మడిగా ఉన్నవి సుమారు 45 వేలు. ఇంకో 20 వేల దాకా ఒకదానిలో ఉండి ఇంకోదానిలో లేనివి. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమ్‌లో ఉన్న పెద్ద భాగం తండ్రి నుంచి వచ్చినదానిలో అసలే లేకపోవడం వీటిలో మామూలు. మనుషుల జన్యువులకు అలవాటుపడిన బుర్రకు ఇది మింగుడుపడదు.

అంటే పదకొండో దానిలో సైన్ ఉందా లేదా అన్న ప్రశ్నకే చోటు లేకపోవచ్చు. గోడే లేని ఇంట్లో మేకు ఉందా అని అడిగినట్టు. సైన్ లేకపోవడం, సైన్ ఉండాల్సిన నేలే లేకపోవడం జెల్ మీద ఒకేలా కనబడతాయి. గుల్ల జీవుల మీద ఈ పద్ధతి వాడాలనుకునేవాళ్లందరికీ నేను చెప్పదలిచింది ఇదే. ఉన్న స్థితికి ఒక బ్యాండ్, లేని స్థితికి ఇంకో బ్యాండ్ ఇచ్చే పరీక్ష రాసుకోండి. ఏ బ్యాండూ రాకపోతే జవాబు ఇవ్వకండి.

ఏప్రిల్ 9

మూడు ప్రైమర్లు ఒకే ట్యూబులో. ఎడమ బయట ఒకటి, కుడి బయట ఒకటి, సైన్ లోపల ఒకటి. లోపలిదాన్ని, మార్చిలో మోసం చేసిన బేసుకు దూరంగా జరిపాను. ఖాళీ చోటైతే 95 బేసులు, సైన్ ఉంటే 140. రెండూ పొట్టివే.

పొట్టిగా ఉండటం వల్ల ఇంకో చిక్కు తీరింది. సంకరాల్లో 240, 463 పోటీపడితే పీసీఆర్ చిన్నదాన్నే ఎక్కువ కాపీ చేస్తుంది. రెండు సంకరాల్లో ఒకదానికి పెద్ద బ్యాండ్ దాదాపు మాయమై, శుద్ధ ట్రోసులస్‌లా కనబడింది. ఇప్పుడు రెండు బ్యాండ్లూ సమానంగా వస్తున్నాయి.

ల్యాబ్ ఫ్రీజర్లోని గాలో డీఎన్‌ఏ మీద కూడా నడిపాను. వాటిలోనూ సైన్ ఉంది. ఎడ్యులిస్, గాలో దగ్గరి చుట్టాలు, కలిసే చోట కలిసిపోతుంటాయి. కాబట్టి ఏడో చోటు ట్రోసులస్‌ను మిగతా రెండింటి నుంచి వేరు చేస్తుంది, అంతే. ఎటివ్ రైతుకు కావలసిందీ అదే. ఎడ్యులిస్‌నూ గాలోనూ వేరు చేసే సైన్ కోసం వెతికాను. ఒకదానిలో ఎక్కువగా, ఇంకోదానిలో తక్కువగా ఉండేవే దొరుకుతున్నాయి తప్ప పూర్తిగా తేల్చేది దొరకలేదు.

ఏప్రిల్ 16

వంటింట్లో పని. ఎడ్యులిస్ మసెల్స్ కొన్ని ఉడకబెట్టాను, కొన్ని వెనిగర్‌లో వారం ఊరబెట్టాను. దుకాణంలో దొరికే సీసా మసెల్స్ కూడా తెచ్చాను. వేడికీ పులుపుకీ డీఎన్‌ఏ ముక్కలైపోతుంది.

పాత ప్రైమర్లతో ఉడికినవాటిలో 463 బలహీనం, వెనిగర్‌వాటిలో అసలు లేదు. పొడవైన ముక్కలు మిగల్లేదు కాబట్టి. ఇందులో ప్రమాదం గమనించండి. పచ్చడి పెట్టిన సంకరమైతే 463 చచ్చిపోయి 240 మాత్రమే మిగిలి, ఖాళీ అని చెప్పేది. మూడు ప్రైమర్ల పరీక్షలో ఉడికినవన్నీ, వెనిగర్‌వాటిలో ఎక్కువ భాగం 140 చూపించాయి. సీసావాటిలోనూ 140 వచ్చింది.

ఏప్రిల్ 21

కొత్తగా తెచ్చిన ఒక ఎడ్యులిస్‌కు 140 బలంగా, 95 చాలా పలచగా వచ్చింది. సంకరమైతే రెండూ సమానంగా ఉండాలి. పైపెట్‌లో కలుషితమేమో అని మళ్లీ తీశాను, అలాగే ఉంది.

సూపర్‌వైజర్ మేడమ్ వెంటనే అడిగిన ప్రశ్న: "రక్తం నుంచి తీశావా, పాదం నుంచా?" ఆ రోజు తొందరలో రక్తం తీసుకున్నాను. మసెల్స్‌లో అంటుకునే క్యాన్సర్ ఉంది. అంటుకునేది ఏ క్రిమో కాదు, క్యాన్సర్ కణాలే నీళ్లలో ఒక జంతువు నుంచి ఇంకోదానికి చేరి రక్తంలో పెరుగుతాయి. ట్రోసులస్‌లో పుట్టిన అలాంటి ఒక వంశం యూరప్‌లోని ఎడ్యులిస్‌లలోనూ, దక్షిణ అమెరికా మసెల్స్‌లోనూ దొరికిందని 2019లో తేల్చారు. అంటే ఒక ఎడ్యులిస్ రక్తంలో ట్రోసులస్ డీఎన్‌ఏ నిజంగానే ఉండొచ్చు, ఆ జంతువు సంకరం కాకపోయినా.

ఈ క్యాన్సర్ కథ మొదలైంది కూడా ఒక దూకే మూలకంతోనే. అమెరికా తూర్పు తీరంలోని మెత్త పెంకు క్లామ్‌లలో (ఇంకో రకం గుల్లలు) స్టీమర్ అనే రెట్రోట్రాన్స్‌పోసన్ (కాపీ అయి దూకే మూలకం) మామూలుగా 2 నుంచి 10 కాపీలు ఉంటుంది. లుకేమియా వచ్చినవాటిలో 150 నుంచి 300 కనబడ్డాయి. వేరు వేరు ఊళ్ల క్లామ్‌ల క్యాన్సర్ కణాల్లో అది ఒకే చోట్ల చేరి ఉండటంతో, ఇవన్నీ ఒకే క్యాన్సర్ సంతానమని 2015లో బయటపడింది. నేను జాతిని గుర్తించడానికి వాడుతున్న వాదనే అక్కడ రోగాన్ని గుర్తుపట్టింది. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

అదే మసెల్ పాదం ముక్క నుంచి మళ్లీ తీశాను. 95 పోయింది. క్యాన్సర్ అని చెప్పడానికి కణాలను మైక్రోస్కోప్ కింద చూడాలి, అది నా పరిధి కాదు. మేడమ్ ఆ శాంపిల్‌ను ఆ పని తెలిసినవాళ్లకు పంపారు.

మే 4

అక్క పన్నెండు ట్యూబులకు నంబర్లు మార్చి ఇచ్చారు, నాకు ఏదేమిటో తెలియకుండా. పొద్దున్నుంచి టెన్షన్‌గానే ఉంది. ఏడో చోటుతో పాటు కొత్తగా కుదిరిన రెండు చోట్లు, ఎంఈ పరీక్ష, నాలుగూ కలిపి చూశాను. పదింటికి పేర్లు రాశాను. రెండింటి ఎదురుగా "తేల్చలేదు" అని రాశాను.

కవరు విప్పితే పదీ సరిపోయాయి. తేల్చనివాటిలో ఒకటి వెనిగర్‌ది. రెండోది మన పదకొండో నంబరు. ఎంఈ ఒక్కటే 168 అంది. మిగతా మూడింటిలో ఒక చోట బ్యాండ్ లేదు, ఒకటి ఖాళీ, ఒకటి సైన్ ఉన్నట్టు. "ట్రోసులస్ అని రాసేయొచ్చుగా, సగం మార్కులైనా వచ్చేవి" అన్నారు అక్క. ఊరికే అన్నారని తెలుసు. ఫలితాల పట్టికలో మూడు జాతులకూ సంకరానికీ గడులున్నాయి. వాటి పక్కన "తేల్చలేదు" అని ఇంకో గడి గీశాను.

సాయంత్రం రైతుకు ఫోన్ చేశాను. ఈ నెలాఖరుకు విత్తనం పట్టే తాళ్లు దించుతాడట. జూన్‌లో రెండు మిల్లీమీటర్ల పిల్లలు వస్తాయి. అంత చిన్నదాని పాదం కోయలేం, మొత్తం నూరాల్సిందే. అప్పుడు దాని కడుపులో ఉన్నదీ కలిసి వస్తుంది. నూరే ముందు ఒక రోజు వడకట్టిన నీళ్లలో ఉంచి చూడాలి. నలభై ట్యూబులకు లేబుళ్లు అంటించి ఫ్రీజర్లో పెట్టాను.